ప్రజలెవరూ మేడ మీద ఉండరాదు

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఏప్రిల్, మే నెలల్లో తుమ్మకుండా మూడో అంతస్తు చేరిన మనిషి లేడు. తలుపు మూసుకోగానే మొదటి తుమ్ము, ఒకటో అంతస్తు దాటేసరికి రెండోది, ఆ పైన ఇక కళ్ళనీళ్ళే. శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన చుట్టాలు మా గుమ్మం ముందు కళ్ళొత్తుకుంటూ నిలబడతారు. ఎదురు ఫ్లాటువాళ్ళు తలుపు సందులోంచి చూసి, వీళ్ళింట్లో ఎవరు పోయారా అని ఆలోచనలో పడతారు. లిఫ్టు మెకానిక్ ఈ రెండు నెలలూ మా నంబరు చూస్తే ఫోన్ ఎత్తడు.

కారణం ఏడాది కారం. నరసరావుపేటలో పరువున్న సంసారం ఏదీ కారం పొట్లాం కొనదు. కొన్నా ఎవరికీ చెప్పదు. వేసవి రాగానే ఘాటుకి తేజ కాయలు, రంగుకి బ్యాడిగి కాయలు తెప్పించి, మేడ మీద గలగలమనేదాకా ఎండబెట్టించి, తొడిమలు తీయించి, మర పట్టించి, జాడీల్లోకి ఎత్తించి, అప్పుడు సోఫాలో కూర్చుని, 'బయట కారం మేం ముట్టుకోమండీ, అంతా ఇంట్లో చేసుకున్నదే' అంటుంది. ఇంట్లో ఎవరు చేశారో ఎవరూ అడగరు.

మా వెన్నెల రెసిడెన్సీలో పద్నాలుగు ఫ్లాట్లు. మేడని పద్నాలుగు వాటాలు చేసి సున్నంతో గీతలు గీశాం. గీతలు గీసిన ఏడాది రెండు కుటుంబాలకి మాటలు పోయాయి. తర్వాతి ఏడాది గీతల మీద ఇటుకలు పెట్టాం. ఒక ఇటుక జానెడు జరిగిందని ఇంకో రెండు కుటుంబాలకి పోయాయి. ఇప్పుడు ప్రతి ఫ్లాటుకీ ఒక పాత చీర, దాని మూల నంబరు పెయింటుతో రాసి ఉంటుంది. మాది మూడు వందల రెండు. మా ఆవిడ పద్మజ పెళ్ళిచూపుల చీర మీద ఆ నంబరు నేను రాయించాక తను నాతో రెండు రోజులు మాట్లాడలేదు కానీ, అది వేరే విషయం.

ఈ పద్నాలుగు చీరల కాయలనీ పొద్దున పరిచి, మధ్యాహ్నం తిరగబోసి, సాయంత్రం మూటగట్టి కిందికి దించేది వెంకమ్మ. వాచ్‌మన్ కొండలు భార్య. కొండలు ఆరేళ్ళ కిందట వాచ్‌మన్‌గా చేరి, రెండో నెలలోనే మాచర్ల వైపు క్వారీలో టిప్పర్ నడపడానికి పోయాడు. అయినా మేమంతా అతన్ని 'మన వాచ్‌మన్' అనే అంటాం. గేటు తీసి, మోటారు వేసి, మెట్లు కడిగి, చెత్త దించే వెంకమ్మని 'వాచ్‌మన్ భార్య' అంటాం. మేడ ఎక్కే చివరి మెట్ల మీద రేకుల కప్పు ఉంది గానీ, కారుతుంది. అందుకని సరుకు ఏ రోజుకారోజు ఫ్లాటు గుమ్మాల దాకా దిగి తీరాలి. లిఫ్టులో తుమ్ములు ఆ రాకపోకల ఫలితమే.

ఇక మా సెక్రటరీ హరికృష్ణ గారు. మండలాఫీసులో ముప్పై ఏళ్ళు వాన కొలిచి రిటైరయ్యారు. వాన పడ్డాక ఎంత పడిందో చెప్పడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక పడకముందే చెప్పడం మొదలుపెట్టారు. మేడ మూలన సొంత ఖర్చుతో ఒక రెయిన్‌గేజీ పెట్టించారు. పొద్దున ఎనిమిదిన్నరకి దాన్ని చూడాలి. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయన చూడలేరు, వెంకమ్మ చూసి వచ్చి చెబుతుంది. ఆయన దాన్ని ఫోన్లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతారు. అందరం బొటనవేలు ఎత్తుతాం. వాన పడని రోజు 'సున్నా' అని పెడతారు. దానికీ ఎత్తుతాం.

పోయిన సోమవారం పొద్దున్నే ఆయన గొంతు గ్రూపులో మోగింది. చదివే ఓపిక ఎవరికీ లేదని ఆయన మాట్లాడి పంపుతారు. 'ఉపరితల ఆవర్తనం, దానికి తోడు ద్రోణి ప్రభావం వల్ల, ఈ వారమంతా నరసరావుపేట, నాదెండ్ల, ఎడ్లపాడు, ముప్పాళ్ళ మండలాల్లో అక్కడక్కడ ఉరుములు, మెరుపులతో కూడిన వర్షాలు. గంటకి నలభై నుంచి యాభై కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు. పిడుగులు పడే అవకాశం ఉన్నందున ప్రజలెవరూ చెట్ల కింద, బహిరంగ ప్రదేశాల్లో, మేడల మీద ఉండరాదు.' ఇక్కడ ఒక దగ్గు. 'వెంకమ్మా, ఉరుము వినపడగానే మేడ ఎక్కి సరుకంతా దించేయమ్మా.'

ఒకే మెసేజీ. మధ్యలో దగ్గు తప్ప ఇంకేమీ లేదు. పద్నాలుగు కుటుంబాల వాళ్ళం విన్నాం. ఒక్కరికీ ఏ తేడా కనిపించలేదు. నేను జాయింట్ సెక్రటరీని, నాకూ కనిపించలేదు. దస్తూరీ బాగుంటుందని, మీటింగుల్లో మినిట్స్ రాయడానికి నాకా పదవి ఇచ్చారు.

సోమవారం మధ్యాహ్నం ఎక్కడో ఉరిమింది. వెంకమ్మ పైట చెంగు ముక్కుకి బిగించి పైకెళ్ళింది. చీర నాలుగు చెంగులూ కలిపి ముడేయడం, మూట తొడకి ఆనించి భుజానికెత్తడం, మెట్లు దిగి లిఫ్టులో పెట్టడం, మళ్ళీ ఎక్కడం. పద్నాలుగు మూటలు. ఆఖరి మూట దిగేసరికి మబ్బు విడిపోయి, పెనం మీద నీళ్ళు చల్లితే చుయ్యిమనేంత ఎండ కాసింది. రెండు గంటల ఎండ వృథా పోయిందని రెండు వందల మూడువాళ్ళు గ్రూపులో విచారం వెలిబుచ్చారు. వెంకమ్మ మూటలన్నీ మళ్ళీ ఎక్కించింది.

మంగళవారమూ అంతే. బుధవారం మాత్రం హరికృష్ణ గారు పొడి వాతావరణం అన్నారు. మూడింటికి ఉరుమూ మెరుపూ లేకుండా దబదబా పావుగంట వాన కొట్టింది. గేటు దగ్గర నీళ్ళ ట్యాంకరుకి దారి ఇస్తున్న వెంకమ్మ దాన్ని వదిలేసి పరుగెత్తింది. పన్నెండు మూటలు దక్కాయి. రెండు వందల మూడువాళ్ళ సగ్గుబియ్యం వడియాలు మళ్ళీ జావ అయిపోయాయి. మా బ్యాడిగి కాయల్లో పక్కవాళ్ళ తేజ కాయలు గుప్పెడు కలిశాయి. పద్మజ వాటిని ఏరించడానికి వెంకమ్మని పిలిచింది. నిన్న లేని మబ్బుకి మోయించారు, ఇవాళ ఉన్న మబ్బుని చెప్పలేదు, ఏం చెయ్యమంటారమ్మా అని వెంకమ్మ కాయలు ఏరుతూ అడిగిందట. వాతావరణం సార్ చేతిలో ఉంటుందా అని పద్మజ సమాధానం చెప్పిందట. ఆ మాట నిజమే. మూటలు మాత్రం వెంకమ్మ చేతిలో ఉన్నాయి, అందుకని తప్పు కూడా అక్కడికే చేరింది.

గురువారం పొద్దున ప్రభుత్వం వాళ్ళ మెసేజీ అందరి ఫోన్లకీ వచ్చింది. హరికృష్ణ గారు దాన్నే ఇంకాస్త గంభీరంగా చదివి పంపారు. కానీ మూడు రోజుల అనుభవంతో జ్ఞానం పెరిగి, ముందే దించితే ఎండ పోతుంది గనక, మబ్బు నెత్తి మీదికొచ్చాకే దించాలని తీర్మానించారు. అందరం బొటనవేలు ఎత్తాం.

రెండున్నరకి కోటప్పకొండ కనపడటం మానేసింది. మూడింటికి వీధి లైట్లు వెలిగించాలనిపించేంత చీకటి. గాలి ముందు దుమ్ము తెచ్చింది, తర్వాత ఎవరిదో లుంగీ తెచ్చి మా బాల్కనీలో పడేసింది. అప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారి కూత పెట్టాయి. పిడుగుల హెచ్చరిక. పద్మజ టీవీ ప్లగ్గు, ఫ్రిజ్ ప్లగ్గు, చివరికి దోమల మందు ప్లగ్గు కూడా పీకేసింది. కిటికీలు మూసింది. నన్ను కిటికీకి దూరంగా జరగమంది. ఇంత జాగ్రత్త పడ్డాక, వెంకమ్మ మేడ ఎక్కిందో లేదో తలుపు తీసి చూడమంది.

వెంకమ్మ మేడ ఎక్కలేదు. మా గుమ్మానికి ఎదురుగా, మేడకి వెళ్ళే మెట్లలో మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో మేడ తాళంచెవి, ఒళ్ళో ఫోను. మెట్లు ఎక్కి ఆయాసంగా ఉందేమో అనుకుని నీళ్ళు కావాలా అని అడిగాను. వద్దంది. మరి వాన వచ్చేస్తోంది గదా అన్నాను.

"వస్తంది సార్. చానా పెద్దదే వస్తంది," అంది, కూర్చునే.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. హరికృష్ణ గారు రెండు తుమ్ములతో బయటికొచ్చారు. ఏందమ్మా ఇంకా ఇక్కడే ఉన్నావు, అక్కడ పద్నాలుగు ఇళ్ళ ఏడాది కారం అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు పద్నాలుగు ప్రాణాలు అన్నట్టుగా వణికింది. వెంకమ్మ ఫోను తీసి, బొటనవేలితో వెతికి, నొక్కింది. మెట్ల దారంతా ఆయన గొంతే మోగింది. ఆవర్తనం, ద్రోణి, ఈదురుగాలులు. 'ప్రజలెవరూ చెట్ల కింద, బహిరంగ ప్రదేశాల్లో, మేడల మీద ఉండరాదు.' దగ్గు దగ్గర ఆపేసింది.

"మీరు చెప్పిందే గదా సార్."

"అది ప్రజలకమ్మా."

"మరి నేనెవుర్ని సార్?"

హరికృష్ణ గారు నా వైపు చూశారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన్ని ఎవరూ ఈ ప్రశ్న అడిగినట్టు లేరు. నేను మా గుమ్మం పక్కన చెప్పుల స్టాండు వైపు చూశాను. అందులో ఒక చెప్పు తిరగబడి ఉంది. దాన్ని సరిచేశాను.

"రెండు నిమిషాల పనమ్మా, పోయొచ్చేయ్," అన్నారు ఆయన, బతిమాలినట్టు.

"పిడుక్కి రెండు నిమిషాలు పట్టదు సార్. ఎండలో ఎన్నిసార్లన్నా ఎక్కుతా. వానలో తడుస్తా ఎక్కుతా, నిన్న ఎక్కలా? ఉరిమితే మాత్రం ఇంక ఎక్కను. తాళం ఇదిగో, మెట్లు ఇయ్యే."

తాళంచెవి పై మెట్టు మీద పెట్టింది. ఆయన దాన్ని తీసుకోబోయే లోపల ప్రపంచం అంతా తెల్లగా అయింది. ఆ వెంటనే పక్క వీధిలో ఆకాశం చిరిగినట్టు చప్పుడు. తర్వాత తెలిసింది, కొబ్బరి చెట్టు మీద పడింది. కరెంటు పోయింది. చీకట్లో పద్నాలుగు తలుపులు టపటపా మూసుకున్న శబ్దం విన్నాను, వాటిలో ఒకటి నాది. హరికృష్ణ గారు కూడా మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన ఎప్పుడు లోపలికొచ్చారో ఇద్దరికీ తెలియదు.

తలుపుకున్న కన్నంలోంచి చూశాను. వెంకమ్మ అక్కడే కూర్చుని ఉంది. వాన రేకుల మీద రాళ్ళు పోసినట్టు పడుతోంది. కాసేపటికి మేడ తలుపు కింది నుంచి నీళ్ళు మెట్లు దిగడం మొదలైంది. ఎర్రగా, పైన మిరప గింజలు తేలుతూ. వెంకమ్మ కాళ్ళు పక్కకి తీసుకుని నీటికి దారి ఇచ్చింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకి వెంకమ్మ మేడ ఎక్కి రెయిన్‌గేజీ చూసి వచ్చి, అరవై రెండు అని చెప్పింది. తడిసిన కాయలని ఫ్లాటు వారీగా విడదీసి, నీళ్ళు ఓడ్చి, పొడి నేల మీద పరిచింది. కుళ్ళే కాయ ఎక్కడ ఉందో చూసి ఏరిపారేసింది. ఏ పనీ మానలేదు. అదే మాకు మింగుడు పడలేదు. పని మానేసిన మనిషిని తిట్టడం తేలిక.

ఆ రోజు పేపర్లో మూడు లైన్ల వార్త ఉంది. నాదెండ్ల వైపు కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పట్టా కప్పుతుండగా పిడుగు పడి ఓ మహిళా కూలీ మృతి. దాన్ని ఫోటో తీసి ఎవరో గ్రూపులో పెట్టారు. చేతులు జోడించిన బొమ్మలు పద్నాలుగు వచ్చాయి. హరికృష్ణ గారు 'ఓం శాంతి. ప్రజల్లో అవగాహన పెరగాలి' అన్నారు. పదకొండు నిమిషాల తర్వాత, 'నిన్న తడిసిన సరుకుకి బాధ్యులెవరో ఆదివారం అయిదింటికి మీటింగులో తేలుద్దాం' అన్నారు. ఆ రెండు మెసేజీలకీ నేను బొటనవేలు ఎత్తాను. ఒకదానికి ఎత్తి రెండోదానికి ఎత్తకపోతే బాగుండదు గదా.

పది గంటలకి వెంకమ్మ మా గుమ్మంలోకి వచ్చి, ఆ పేపరు ఒకసారి ఇస్తారా సార్ అంది. నిలబడే చదివింది, వేలు పెట్టి, ఒక్కో మాట. మూడు లైన్లూ అయ్యాక పేజీ తిప్పి వెనక కూడా చూసింది. వెనక కార్ల ప్రకటన ఉంది.

"పేరు రాయలేదేంది సార్?"

పల్లెటూరి విలేకరులు హడావుడిలో రాస్తారని చెప్పాను.

"మా ముప్పాళ్ళ నుంచి ఆటోల్లో కూలికి పోతారు సార్ అటు. మా చిన్నమ్మ కూతురు పోతది. పేరుంటే తెలిసేది."

మా ఇంటి ముందే నిలబడి నాలుగు ఫోన్లు చేసింది. మూడు కలవలేదు. నాలుగోదానికి ఎవరో ఎత్తారు. చిన్నమ్మ కూతురు బాగానే ఉందట, నిన్న వేరే కల్లానికి పోయిందట. వెంకమ్మ ఫోను దించి, పైట చెంగుతో దాని అద్దం తుడిచింది. పోయిన మనిషి పేరు వాళ్ళకీ తెలియదంట సార్ అని చెప్పి, పేపరు మడతలు సరిచేసి నా చేతికిచ్చి, మెట్లు దిగింది. పద్మజ వంటింట్లోంచి వచ్చి, వెంకమ్మకి కాఫీ ఇవ్వాల్సింది అంది. అంతలో ఆమె రెండో అంతస్తు దాటిపోయింది.

ఆదివారం మీటింగు మేడ మీదే పెట్టాం. గాలి బాగుంటుంది, పైగా ఎవరి కాయలు వాళ్ళ కళ్ళ ముందుంటాయి. కుర్చీలు వెంకమ్మే మోసుకొచ్చింది, తనని తీసేసే మీటింగుకి. చీరల మధ్య కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక అందరం పెళ్ళిపందిట్లో అరిటాకుల మధ్య నడిచినట్టు నడిచి కూర్చున్నాం. వెంకమ్మ పిట్టగోడని ఆనుకుని నిలబడింది.

హరికృష్ణ గారు అరగంట మాట్లాడారు. అందులో పావుగంట ద్రోణి. మిగతాది క్రమశిక్షణ. వాచ్‌మన్‌ని ఈ నెలాఖరుకి తొలగించి, గది ఖాళీ చేయించాలని ప్రతిపాదించారు. వెంకమ్మ గది అంటే మెట్ల కింద మంచం పట్టేంత చోటు. ముప్పాళ్ళలో ఆమెకి ఇల్లు లేదు, అది అందరికీ తెలుసు. కింది ఫ్లాటు నాగూర్ వలి గారు మెకానిక్ షెడ్డు నడుపుతారు, ఎక్కువ మాట్లాడరు. ఆయన ఒక్కరే లేచి, పిడుగు పడేటప్పుడు నా పనోళ్ళని బండి కింద నుంచి కూడా బయటికి పంపను సార్, ఇదేం తీర్మానం అన్నారు. సెంటిమెంట్లు వద్దన్నారు హరికృష్ణ గారు. నన్ను రాయమన్నారు. 'నిర్లక్ష్యం కారణంగా వాచ్‌మన్‌ను తొలగించడమైనది' అని.

నేను కలం మూత తీశాను.

"రాయండి సార్," అంది వెంకమ్మ. "వాచ్‌మన్ అంటే కొండలు గదా. క్వారీలో ఉన్నాడు, ఫోన్ చేసి చెప్తా, నిన్ను తీసేశారంట అని. గదిలో ఆయన సామానం ఒక జత చెప్పులు, ఒక తువ్వాలు. వచ్చి తీసుకపొమ్మంటా."

ఎవరో నవ్వి, వెంటనే దగ్గారు. హరికృష్ణ గారు, తీసేసింది కొండల్ని కాదు నిన్ను అన్నారు.

"నన్ను తియ్యాలంటే ముందు పెట్టుకోవాల గదా సార్. ఆరేళ్ళ పుస్తకం మీ ముందరే ఉంది. నా పేరు యాడన్నా ఉంటే చూపీండి, ఇప్పుడే పోతా."

తిప్పాను. ఆరేళ్ళ మినిట్స్, అంతా నా దస్తూరీయే. వాచ్‌మన్ గేటు రంగు, వాచ్‌మన్ కొండలుకి పండగ బట్టలు, వాచ్‌మన్ గదికి బల్బు. ఒక్క చోట మాత్రం ఉంది, మోటారు కాలిపోయిన నెల. 'వాచ్‌మన్ భార్య నిర్లక్ష్యం వల్ల.' అక్కడ కూడా పేరు లేదు. లేదని తల ఊపాను. నా తల అంత నిదానంగా ఊగడం నేనెప్పుడూ చూడలేదు.

"కాయలు మోసింది నేను. సారు బకెట్లో వాన కొలిచింది నేను. మోటారు కాలితే తిట్లు తిన్నది నేను. పేరు మాత్రం క్వారీలో ఉంది," అంది వెంకమ్మ. గొంతు పెంచలేదు. "రాసేదుంటే సరిగ్గా రాయండి సార్. వెంకమ్మ అని రాయండి. దాని పక్కనే, ఉరిమితే మేడ ఎక్కదు అని రాయండి. ఆ తర్వాత తీసేస్తారో పెట్టుకుంటారో మీ ఇష్టం. అది రాయందే నేను గది ఖాళీ చెయ్యను, తాళం ముట్టుకోను."

హరికృష్ణ గారు ఏదో అనబోయారు. అప్పుడే ఉరిమింది. దూరంగానే, కోటప్పకొండ అవతల. మరుక్షణం మేడ మీద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి కూశాయి. అందరం ఫోను చూశాం, ఆకాశం చూశాం, కాయలు చూశాం, ఆ తర్వాత అలవాటు ప్రకారం వెంకమ్మని చూశాం.

వెంకమ్మ తన ఫోను కళ్ళ దగ్గరికి పెట్టుకుని, పేపరు చదివినట్టే వేలు పెట్టి చదివింది. "ప్రజలెవరూ మేడ మీద ఉండరాదంట సార్. నేను దిగుతన్నా. మీరు కూడా ప్రజలే, దిగితే మంచిది."

దిగింది. నాగూర్ వలి గారు తన ఫ్లాటు చీర నాలుగు చెంగులూ నిమిషంలో కలిపి, మూట చంకనేసుకుని వెనకే దిగారు. మిగిలిన వాళ్ళం మిగిలాం. తెలివైన వాళ్ళెవరైనా ఆ క్షణంలో కాయలు వదిలేసి దిగుతారు. మేం ఉద్యోగస్థులం. పెద్ద డిగ్రీలున్న పదకొండు మంది మగవాళ్ళం, ఇద్దరు ఆడవాళ్ళు కాయల మీద పడ్డాం. నాలుగు చెంగులు కలిపి ముడి వెయ్యడం ఇంత కష్టమని నాకు తెలియదు. మూడు కలిపేసరికి నాలుగోది జారి కాయలు ఒలికిపోయేవి. ఇటుకలు తన్నేశాం, గీతలు తొక్కేశాం. బ్యాడిగి, తేజ, నాది, నీది, రెండు వందల మూడు, అన్నీ కలిసిపోయాయి. ఎవరి చీరలో ఎవరి కాయలున్నాయో ఎవరికీ తెలియదు. ఇంకో మెరుపు మెరవగానే హరికృష్ణ గారు 'వెంకమ్మా' అని కేక పెట్టారు. ఆమె కాదు, ఉరుము పలికింది. మోకాళ్ళ నొప్పుల మనిషి రెండు మూటలతో నాకన్నా ముందు మెట్లు దిగారు.

మూడో అంతస్తు మెట్ల మీద అందరం కూలబడ్డాం. తుమ్ములు. నా చెమట తుడుచుకుందామని చేయి నుదుటికి పోయింది, అక్కడి నుంచి కంట్లోకి పోయింది. ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు వినపడింది గానీ కనపడలేదు. చేతులు మండుతున్నాయని హరికృష్ణ గారు చిన్నపిల్లాడిలా ఊదుకుంటున్నారు. ఎవరో పంపు దగ్గరికి పరుగెత్తబోయారు.

"నీళ్ళు పోసుకోబాకండి సార్, ఇంకా మండుద్ది," అని వెంకమ్మ గొంతు. "ముందు నూనె రాసుకోండి."

కొబ్బరినూనె సీసా మెట్టు మీద పెట్టిన చప్పుడైంది. హరికృష్ణ గారు రెండు చేతులూ చాపి ఉంచారట, ఆమె రాస్తుందని. పద్మజ చూసి చెప్పింది. వెంకమ్మ సీసా మూత తీసి ఆయన పక్కన పెట్టి, రాసుకోండి సార్ అని గేటు వైపు వెళ్ళిపోయిందట. ఆరేళ్ళూ ఆమె చేతులు ఎలా ఉన్నాయో మేం ఎవ్వరం ఎప్పుడూ అడగలేదని అప్పుడు నాకు తట్టింది. కన్ను మండుతున్నప్పుడు ఇలాంటివి తడతాయి.

వాన రాలేదు. నాలుగు చినుకులు పడి ఎడ్లపాడు వైపు వెళ్ళిపోయింది.

ఇప్పుడు సోమవారం పొద్దున, ఎనిమిదీ నలభై. ఒక కన్ను తెరుచుకుంటోంది, ఇంకోటి ఆలోచిస్తోంది. మినిట్స్ పుస్తకం నా ముందుంది. తొమ్మిదింటికి హరికృష్ణ గారు సంతకాలకి వస్తారు. తొలగించామని రాయమని నిన్న మీటింగులో అన్నారు, చేతులకి నూనె రాసుకున్నాక 'చర్చించడమైనది' అని రాసి వదిలేయమన్నారు, పొద్దున చేతుల మంట తగ్గాక మళ్ళీ మొదటి మాటకే వచ్చారు. నాగూర్ వలి గారు ఆమె అడిగినట్టే రాయమంటున్నారు. పద్మజ ఏదైనా రాయండి గానీ కలిసిపోయిన కాయలు ఏరడానికి ఎవరొస్తారో ముందు చెప్పండి అంటోంది. వెంకమ్మ ఎండగా ఉంది గనక మేడ ఎక్కింది. తాళం మాత్రం ముట్టుకోలేదు, నాగూర్ వలి గారు తీసి ఇచ్చారు. రెయిన్‌గేజీ చూసి ఇప్పుడే మా గుమ్మం ముందు నుంచి దిగుతూ, "సున్నా సార్" అని చెప్పి, నా చేతిలో కలం వైపు ఒకసారి చూసి వెళ్ళింది.

నాకున్న ఇబ్బంది ఇదీ. పేరు రాస్తే, ఇన్నాళ్ళకి ఆమె లెక్కలోకి వస్తుంది. లెక్కలోకి వచ్చిన మనిషిని ఆ పక్క లైన్లోనే తీసేయొచ్చు. రాయకపోతే ఎవరూ తీసెయ్యలేరు, కానీ రేపు మేడ మీద ఏమన్నా అయితే పేపర్లో మూడు లైన్లు వస్తాయి, 'ఓ మహిళ' అని. ఆమె ఈ రెండూ ఆలోచించే రాయమని అడిగిందని నాకు అనుమానం. నేను మాత్రం ఇలాంటివి నిర్ణయించగల మనిషిని కాను. చెప్పులు సరిచేసే మనిషిని. మీలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు, మినిట్స్ రాసేవాళ్ళు, ధైర్యం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. లిఫ్టు పైకి వస్తున్న చప్పుడు వినపడుతోంది, లోపల ఎవరో తుమ్ముతున్నారు, రెండుసార్లు.

ఒంటికంటితోనే 'వెంకమ్మ' అని రాసేశాను. సిరాతో, కొంచెం పెద్ద అక్షరాలతోనే. ఇక చెరపడం కుదరదు. ఆ తర్వాతి మాట ఏం రాయమంటారు?